మూడో గుర్తు

లాండ్రీ అక్కకి ఫోన్ మీద పెద్ద నమ్మకం ఎప్పుడూ లేదు. ఉన్న ఆ కాస్తా ఒక మంగళవారం పొద్దున పోయింది. షట్టర్ ఎత్తి, లైట్లు వేసి, కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తెరిచేసరికి, తను ఒక్కొక్కటిగా తీసేసిన ఫోటోలు మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. ఒకటి కాదు, రెండు కాదు, ముప్ఫై మూడు.

ఉతికి, ఇస్త్రీ చేసి, కట్ట కట్టి, మనిషి చేతికిచ్చి పంపేసిన చొక్కా మర్నాడు మళ్ళీ గూట్లో కనబడితే ఎలా ఉంటుంది? ఆమెకి సరిగ్గా అలాగే ఉంది. ఫోన్‌ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆపేసి మళ్ళీ ఆన్ చేసింది. కొంగుతో అద్దం తుడిచింది. ఏం చేసినా ముప్ఫై మూడూ అక్కడే ఉన్నాయి.

"బాబాయ్, పంపేసింది మళ్ళీ వెనక్కి వస్తుందా?" అని అడిగింది.

ఇస్త్రీ బాబాయ్ ఆమె నాన్న హయాం నుంచీ ఆ షాపులో ఆవిరి పెట్టె ముందు నిలబడుతున్న మనిషి. ఎడమ చెవికి సరిగ్గా వినబడదు, కుడి చెవికి వినాలని ఉండదు.

"కాలర్ సరిగ్గా లేకపోతే వస్తుంది," అన్నాడు.

"బట్టలు కాదు బాబాయ్, ఫోటోలు."

"ఫోటోలకి కాలరేంటమ్మా?" అని ఆయన తన పనిలో పడ్డాడు. లాండ్రీ అక్క తల గోక్కుని, ఫోన్‌ని గల్లాపెట్టె పక్కన బోర్లా పెట్టింది. దాని మొహం చూడబుద్ధి కాలేదు.

ఈ అయోమయం మొదలు తెలియాలంటే రేకు డబ్బా దగ్గరికి వెళ్ళాలి. బిస్కెట్ల డబ్బా అది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ నాన్న అందులోనే వేసేవాడు. చివరి రోజుల్లో ఆయన లాండ్రీ అక్క తమ్ముడి ఇంట్లో ఉన్నాడు కాబట్టి, పోయాక డబ్బా కూడా అక్కడే ఉండిపోయింది. వారం తిరక్కుండా లాండ్రీ అక్క తమ్ముడింటికి వెళ్ళి, వంటింట్లో నలుగురి కప్పులూ కడిగి, ముందు గదిలోకొచ్చి డబ్బా మీద చెయ్యి వేసింది. అప్పుడే మరదలు, అంటే తమ్ముడి పెళ్ళాం, "ముట్టుకోకండి వదినా!" అంది.

అంతే. ఆ రెండు మాటలు. కన్న తండ్రి ఫోటోలు ముట్టుకోవద్దని నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అనడమా! లాండ్రీ అక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు అక్కణ్ణుంచి నెత్తికెక్కింది. చెప్పులు వేసుకుని బయటికొచ్చేసింది. తమ్ముడు మెట్ల దాకా పరుగెత్తుకొచ్చి "అక్కా, ఒక్క నిమిషం విను" అన్నాడు. ఆ ఒక్క నిమిషం వినడానికి ఆరేళ్ళు పట్టింది.

ఆరేళ్ళ తర్వాత తమ్ముడి ఇంటి పై అంతస్తులో పైపు పగిలింది. తమ్ముడు ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేస్తాడు, తన ఇంటి కప్పు కారుతున్న సంగతి మాత్రం రెండు రోజుల దాకా చూసుకోలేదు. అటక మీదున్న రేకు డబ్బా నిండా నీళ్ళు. ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయిపోయాయి. ఒకటి విడదీస్తే దాని బొమ్మ పైదాని వీపుకి అంటుకుని ఊడొచ్చేస్తోంది. మరదలు ఆసుపత్రిలో ఫైళ్ళు సర్దే ఉద్యోగం చేస్తుంది, ఓపిక ఎక్కువ. రోజుకి మూడో నాలుగో చొప్పున మెల్లగా విడదీస్తూ, బొమ్మ ఊడిపోయేలోగానే ఫోన్‌తో ఫోటో తీసి, నోటు పుస్తకంలో నంబరు వేసి, ఇంటర్నెట్‌లో ఇంట్లోవాళ్ళందరూ చూడగలిగే ఒక ఆల్బమ్‌లో పెట్టింది. కాగితం ఫోటోలు పోయాయి. ఇక నాన్న ఎక్కడైనా మిగిలాడంటే ఆ ఆల్బమ్‌లోనే.

ఆ ఆల్బమ్‌కి వెళ్ళే లింకు ఒకరోజు లాండ్రీ అక్క ఫోన్‌కి వచ్చింది. "వదినా, మామయ్యగారి ఫోటోలు ఇందులో పెడుతున్నాను. చూడండి" అని కింద ఒక ముక్క.

చూడాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడింది. మూడో రోజు, తనకీ తమ్ముడికీ మధ్య పుట్టి, బస్సు డిపోలో పనిచేసే చెల్లెలికి ఫోన్ చేసి, ఏదో యథాలాపంగా అడిగినట్టు అడిగింది.

"ఆ నీలం అక్షరాల మీద నొక్కక్కా, తెరుచుకుంటుంది," అంది చెల్లెలు. "ఇంకో సంగతి. తమ్ముడు వాళ్ళావిడతో ఏమన్నాడో తెలుసా? 'అక్కకి అన్నీ ఇచ్చెయ్యి. పెట్టే హక్కు, తీసే హక్కు, మనకున్నవన్నీ తనకీ ఉండాలి' అన్నాడట. మనం నలుగురమే ఉన్నాం అందులో."

అన్ని హక్కులూ అన్న మాట వినగానే ఎవరో గిరాకీ వచ్చినట్టు నటించి ఫోన్ పెట్టేసింది. తర్వాత నీలం అక్షరాల మీద నొక్కింది.

మొట్టమొదటి ఫోటోలో షాపు ఉంది. కొత్త కౌంటర్, వెనక ఖాళీ గూళ్ళు, గోడకి మేకు. కౌంటర్ మీద నాలుగేళ్ళ పిల్ల కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. పక్కన నాన్న, చొక్కా చేతులు మడిచి, పిల్ల జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల తనే. అలాంటి ఫోటో ఒకటి ఉందని కూడా ఆమెకి తెలియదు. గిరాకీ వాళ్ళు ముగ్గురు వచ్చి నిలబడ్డా గమనించలేదు. బాబాయ్ రెండుసార్లు దగ్గాడు.

ఆ రోజు రాత్రి తమ్ముడికి ఫోన్ చేసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలో తెలియక, కారిన పైపు గురించి పావుగంట మాట్లాడుకున్నారు. అక్కణ్ణుంచి వారానికి రెండు ఫోన్లు. మరదలితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం మాటలు ఇంకా పొడిపొడిగానే ఉండేవి.

ఇంతవరకూ బాగానే ఉంది. అయోమయం వచ్చింది షాపు పద్ధతి దగ్గర.

నాన్న పెట్టిన పద్ధతి అది. బట్ట లోపలికి రాగానే గులాబీ రంగు చీటీ రాసి మేకుకి గుచ్చాలి. ఉతికినవాళ్ళు చీటీ మీద ఒక గుర్తు పెట్టాలి, ఇస్త్రీ చేసినవాళ్ళు ఇంకొకటి, గుండీలూ జేబులూ చూసి కట్ట కట్టినవాళ్ళు మూడోది. మూడు గుర్తులూ పడ్డాక కట్ట బయటికి పోవాలి, చీటీ చింపెయ్యాలి. "పని అయిపోయింది కూడా గూట్లోనే కూర్చుంటే, పని కానిది ఎక్కడ పెడతావే?" అనేవాడు నాన్న. ఒక్క చీటీకి మాత్రం మినహాయింపు. మేకు మొదట్లో, అన్నిటికన్నా అడుగున, చిన్నపిల్ల నీలం కోటు అని రాసున్న చీటీ ఒకటుంది. ఆ కోటు ఎప్పుడో షాపులోనే పోయింది. పోయిన బట్టకి చీటీ చింపకూడదన్నాడు నాన్న. నాన్న పోయినా ఆ చీటీ అక్కడే ఉంది.

ఆల్బమ్‌లో ఒక ఫోటో నచ్చితే కింద ఎర్ర గుండె బొమ్మ నొక్కుతారు. ఎవరు నొక్కారో పేరు పడుతుంది. లాండ్రీ అక్కకి ఇది ఎవరూ చెప్పకుండానే అర్థమైంది, ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే కదా! తమ్ముడు చూశాడు, ఒక గుర్తు. చెల్లెలు చూసింది, రెండు. మరదలు పెట్టింది, మూడు. ముగ్గురూ చూసేశారు. పని అయిపోయింది. ఇక తన ఫోన్‌లో గూడు ఖాళీ చెయ్యాలి.

ఇంత ఇష్టమైన ఫోటోలు తీసెయ్యడమేంటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమెకీ అనిపించింది. కానీ ఆమె లోపల ఇంకో లెక్క ఉంది. డబ్బా వాళ్ళది. చూడనిచ్చారు, చూసింది, చాలు. తన ఫోన్‌లో దాచుకుంటే రేపు మళ్ళీ ఎందుకు ముట్టుకున్నావంటారు. వాళ్ళ ఫోన్లలో వాళ్ళకి ఎలాగూ ఉంటాయి. దానికి తోడు తన ఫోన్ చోటు లేదు చోటు లేదని జోరీగలా రోజూ పోరు పెడుతోంది.

కౌంటర్ మీది ఫోటోకే అన్నిటికన్నా ముందు మూడు గుర్తులూ పడ్డాయి. దాన్ని మాత్రం మూడు రోజులు ఆపింది. పొద్దున ఒకసారి, షట్టర్ దించేముందు ఒకసారి చూసుకుంది. నాలుగో రోజు, తన కోసం ఆపుకుంటే ఇక పద్ధతి ఏముందని తనని తనే తిట్టుకుని, పైన మూలనున్న చెత్తబుట్ట బొమ్మ నొక్కింది. ఫోన్ ఏదో అడిగింది. ఫోన్‌కి ప్రతిదానికీ అడిగే అలవాటుంది, ఆమెకి ప్రతిదానికీ సరే అనే అలవాటుంది. సరే అంది. ఫోటో పోయింది.

అలా నెలన్నరలో ముప్ఫై ఏడు ఫోటోలు పంపేసింది. గూళ్ళు నీటుగా ఉన్నాయి. అప్పుడు వచ్చింది ఆ మంగళవారం.

తిరిగొచ్చిన ముప్ఫై మూడింటికీ పాత గుర్తులేవీ లేవు. అప్పుడే లోపలికొచ్చిన బట్టల్లా తెల్లమొహాలు వేసుకుని ఉన్నాయి. సరే, మళ్ళీ మొదటినుంచీ చేద్దామనుకుంది. తమ్ముడు గుర్తులు పెట్టాడు. చెల్లెలు ఎన్నిసార్లు చూడమంటారే అన్నట్టు రెండు రోజులు ఆలస్యంగా పెట్టింది. మూడో గుర్తు మాత్రం పడలేదు.

ఒక్కదానికీ పడలేదు. మరదలు కొత్త ఫోటోలు పెడుతూనే ఉంది. నాన్న సైకిల్ మీద, నాన్న గడ్డం గీసుకుంటూ, నాన్న తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకుని. తమ్ముడు చూస్తున్నాడు, చెల్లెలు చూస్తోంది. పెట్టిన మనిషి మాత్రం తన గుర్తు పెట్టడం లేదు. వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. రెండేసి గుర్తులతో ఆగిపోయిన ఫోటోలు గూళ్ళ నిండా పేరుకుపోయాయి.

"ఇదేం చోద్యం బాబాయ్? మొన్నటి దాకా టకటకా పెట్టేది. ఇప్పుడేమైంది దీనికి?"

"ఎవరికి?"

"మా మరదలికి."

"అడుగు మరి."

అడగడానికి మొహమాటం. ఆరేళ్ళు మాట్లాడని మనిషిని పట్టుకుని నువ్వు గుండె బొమ్మ ఎందుకు నొక్కడం లేదంటే ఏం బాగుంటుంది? అడక్కపోతే మాత్రం లోపల కెలుకుతోంది. మామగారంటే అంతేలే అనుకుంది ఒకరోజు. నామీద కోపం ఆయన మీద చూపిస్తోంది అనుకుంది ఇంకో రోజు. గోరంత సంగతి రోజురోజుకీ కొండంత అయి కూర్చుంది.

అలా ఉండగా, మరో నాలుగు వారాలకి, తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఏదో లిఫ్టు గోతిలోంచి మాట్లాడుతున్నాడు, గొంతు గుంయ్ గుంయ్‌మంటోంది.

"అక్కా, ఆల్బమ్‌లో ఫోటోలు మాయమవుతున్నాయి."

"మాయమవడమేంట్రా, నాకైతే తిరిగొస్తున్నాయి!"

"అదేంటి?"

"ఏమో. నువ్వు చెప్పు ముందు."

"నూట ఇరవై ఆరు పెట్టాం. పుస్తకంలో నంబర్లున్నాయి. ఇప్పుడు చూస్తే నూట ఇరవై రెండే. మొదట్లో పెట్టినవి నాలుగు లేవు. చిన్నక్కే తీసుంటుంది. చిన్నప్పట్నుంచీ మంచివన్నీ తనే దాచుకోవడం అలవాటు కదా."

పది నిమిషాల్లో చెల్లెలి ఫోన్. ఆమె గొంతు ఇంకా పైన ఉంది.

"వాడు నన్ను దొంగంటున్నాడక్కా! అసలు లేవని కనిపెట్టిందే నేను. ఆ కౌంటర్ ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, నీ షాపు గోడకి పెడదామని వెతికితే దొరకలేదు. నీకు చెప్పకూడదనుకున్నా, చెప్పించేశాడు వెధవ. ఇదంతా వాళ్ళావిడ పనే. మంచివి తీసి పక్కన పెట్టుకుంటోంది."

లాండ్రీ అక్కకి తల తిరిగిపోయింది. కౌంటర్ ఫోటో ఎవరికీ లేదా? తను తీసేసింది తన ఫోన్‌లోంచి కదా, మరి వాళ్ళ ఫోన్లలో ఏమైంది? ఒకళ్ళ దగ్గర పోతున్నాయి, తన దగ్గర వస్తున్నాయి. తలా తోకా లేదు. ఈ గందరగోళంలో ఒక్క సంగతే ఆమెకి స్పష్టంగా కనబడింది. గుర్తులు పెట్టడం మానేసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఏదో దాచే మనిషే మొహం చాటేస్తుంది.

ఇంకో సంగతి కూడా కనబడింది, దానికే ఎక్కువ భయపడింది. తమ్ముడూ చెల్లెలూ అప్పటికే ఒకరి ఫోన్ ఒకరు ఎత్తడం మానేశారు. పోయినసారి డబ్బా దగ్గర ఆరేళ్ళు పోయాయి. ఈసారి విడిపోతే మళ్ళీ కలవడానికి పగలవలసిన పైపు కూడా మిగల్లేదు. ఇంటికి పెద్దది తను. తేల్చాలంటే తనే తేల్చాలి.

"ఆదివారం ముగ్గురూ షాపుకి రండి. ఫోన్లు పట్టుకుని రండి," అని కబురు పెట్టింది.

ఆదివారం షాపుకి సెలవు. షట్టర్ సగం ఎత్తి, బట్టలు వేరుచేసే పెద్ద బల్ల తుడిచి, చుట్టూ నాలుగు స్టూళ్ళు వేసింది. సెలవైనా ఇస్త్రీ బాబాయ్ వచ్చాడు, ఇంట్లో తోచదట. చెల్లెలు డిపో నుంచి యూనిఫాంతోనే వచ్చి, తమ్ముడికి ఎదురుగా కూర్చోకుండా పక్కకి తిరిగి కూర్చుంది. మరదలు షట్టర్ కింద వంగి లోపలికొచ్చి, గూళ్ళకేసీ మేకుకేసీ ఒకసారి చూసి, చివరి స్టూలు మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెళ్ళైన కొత్తలో ఆమె ఆ షాపులో రెండేళ్ళు పనిచేసింది. ఆ తర్వాత ఎప్పుడో గాని రాలేదు. నీరసంగా కనబడింది. లాండ్రీ అక్క అది గమనించింది, గమనించనట్టు ఊరుకుంది.

"ఎవర్నీ ఏమీ అనను," అని మొదలుపెట్టి, వెంటనే అనేసింది. "నాన్న ఫోటోలు పోతున్నాయి. మనం నలుగురమే ఉన్నాం. అంటే మనలో ఒకళ్ళే. నాన్న షాపులో కూర్చుని అబద్ధం ఆడకండి. ఎవరు తీశారు?"

తమ్ముడు చెల్లెల్ని చూశాడు. చెల్లెలు మరదల్ని చూసింది. మరదలు నేలకేసి చూసింది.

"నువ్వేమంటావమ్మాయ్?" అంది లాండ్రీ అక్క సూటిగా. "నెలన్నరగా నాన్న ఫోటోలకి నీ గుర్తు ఒక్కటీ లేదు. చూడబుద్ధి కావట్లేదా?"

"చూస్తూనే ఉన్నాను వదినా."

"మరి?"

తమ్ముడికి పెళ్ళాం మీద జాలేసింది కాబోలు, మాట మార్చాడు.

"అది సరే అక్కా, నీకేదో తిరిగొస్తున్నాయన్నావుగా, అదేంటి?"

"అదే నాకూ అర్థం కాదురా. ఒకరోజు పొద్దున చూస్తే ముప్ఫై మూడు వచ్చి కూర్చున్నాయి. నీటుగా అన్నీ పంపేశాక మళ్ళీ రావడమేంటి?"

"పంపేశాక అంటే?"

"అదేరా. పంపేశాక. ఖాళీ చేశాక."

"ఎక్కడ ఖాళీ చేశాక?"

"ఎక్కడేంటి, ఇందులో," అని ఫోన్ ఎత్తి చూపించింది. "మీ ముగ్గురి గుర్తులూ పడ్డాకే తీస్తానురా. ఒక్కటి తక్కువున్నా ముట్టుకోను. కావాలంటే చూడు, ఈ బుట్ట బొమ్మ నొక్కితే..."

చెల్లెలు స్టూలు మీంచి లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కా, నొక్కకు."

తమ్ముడు నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "అక్కా, అది నీ ఒక్కదాని ఫోన్ కాదు. అందరిదీ ఒకటే ఆల్బమ్. నీ దగ్గర తీస్తే అందరికీ పోతుంది."

"అందరికీ అంటే?"

"అందరికీ అంటే అందరికీ. ఎక్కడా ఉండదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత ఫోన్‌లోకి చూసింది. మెల్లగా, చాలా మెల్లగా, విషయం తలకెక్కింది. స్టూలు మీద కూలబడింది. కౌంటర్ ఫోటో. మూడు రోజులు ఆపుకుని, తనని తనే తిట్టుకుని తీసేసిన ఫోటో. పంచాయితీ పెట్టి పిలిచింది తను, దొంగ కూడా తనే. బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. చెల్లెలికి ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

"మరి తిరిగెలా వచ్చాయి?" అంది చివరికి, ఎవర్నీ చూడకుండా.

"నేనే వదినా," అంది మరదలు.

అందరూ అటు తిరిగారు. ఆమె చేతిసంచీ పట్టీ వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"తీసేసినవి ఒక నెల రోజులు బుట్టలోనే ఉంటాయి. ఆ లోపల తెచ్చి మళ్ళీ పెట్టుకోవచ్చు. నేను చూసుకునేసరికి మొదటి నాలుగింటికీ నెల దాటిపోయింది. మిగతావి తెచ్చాను. ముందు ఒక్కటే పెట్టి చూశాను. ఈయనా చిన్న వదినా గుర్తులు పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టి చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాల్లో నా కళ్ళ ముందే పోయింది. అప్పుడు తెలిసింది. మూడో గుర్తు పడగానే పోతోందని. ఈ షాపులో రెండేళ్ళు నేను చింపిన చీటీలే కదా వదినా."

"తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు? ఒక్క ముక్క, తియ్యకండి అంటే సరిపోయేది కదా!"

మరదలు తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఒకసారి అన్నాను వదినా. డబ్బా దగ్గర. మీరు అప్పుడే కప్పులు కడిగొచ్చారు, చేతులు తడిగా ఉన్నాయి. ఫోటోలు పాడవుతాయని ముట్టుకోకండి అన్నాను. తుడుచుకోడానికి తువ్వాలు తెచ్చేలోగా మీరు వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటకి ఆరేళ్ళు పోయాయి. మళ్ళీ అదే మాట నా నోటితో ఎలా అననూ?"

లాండ్రీ అక్క తన చేతులకేసి చూసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. ఆ రోజు తడిగా ఉన్నాయా? ఉండే ఉంటాయి. ఎప్పుడు లేవు కనక?

"అందుకని గుర్తు పెట్టడం మానేశాను," అంది మరదలు. "మూడోది పడకపోతే మీరు ముట్టుకోరని తెలుసు. ఈయనకి చెప్తే మీతో మళ్ళీ గొడవవుతుందని ఈయనకీ చెప్పలేదు."

లాండ్రీ అక్క ఆల్బమ్ తెరిచి పైనుంచి కిందికి జరిపింది. ఒక్కో ఫోటో కిందా రెండు గుర్తులు. తమ్ముడిదీ, చెల్లెలిదీ. నూట ఇరవై రెండు ఫోటోలు, ఎక్కడా మూడోది లేదు. నెలన్నరగా ఇవే చూసి ఎన్ని మాటలనుకుంది! ఒక్కోటీ ఆ పిల్ల అడ్డంగా నిలబడి కాపాడిన ఫోటో. ఆమెకి ఏడుపు ఆగలేదు. చెంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు.

"అందర్నీ ఎన్నెన్ని అన్నానో," అంది. "నిన్నైతే మనసులో అనని మాట లేదు."

"నాకు వినబడలేదుగా వదినా, వదిలెయ్యండి."

కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని లేచింది. "ఆ నాలుగూ ఇక రావా?"

"రావు," అన్నాడు తమ్ముడు. అనడానికి అతనికీ కష్టంగానే ఉంది.

"కౌంటర్ మీద నా కాళ్ళకి చెప్పులున్నాయా, లేవా?" అని అడిగింది ఉన్నట్టుండి.

చెల్లెలు ఉన్నాయంది. తమ్ముడు ఒక కాలికే ఉందన్నాడు. మరదలు కళ్ళు మూసుకుని ఆలోచించి, "ఎడమ కాలికి లేదు వదినా. అది మామయ్యగారి చేతిలో ఉంది" అంది. లాండ్రీ అక్కకి నాన్న రెండో చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది. అవును, ఆ చేతిలో ఏదో ఉంది. మూడు రోజులు చూసీ అదేమిటో పోల్చుకోలేకపోయింది.

గులాబీ చీటీల పుస్తకం తీసి, ఒకటి రాసింది. నాన్న, నేను, కౌంటర్ మీద, ఫోటో ఒకటి. మేకుకున్న చీటీలన్నీ ఊడదీసి, నీలం కోటు చీటీ పక్కన దాన్ని గుచ్చి, మిగతావాటిని మళ్ళీ దానిపైన వేసింది. ఇస్త్రీ బాబాయ్ ఆవిరి పెట్టె దగ్గర్నుంచి అదంతా చూశాడు. ఈసారి కుడి చెవి అన్నీ విన్నట్టుంది.

వెళ్ళేముందు మరదలు తన ఫోన్ తీసి, అడగాలా వద్దా అన్నట్టు నిలబడింది. తెర మీద నాన్న సైకిల్ మీద ఉన్నాడు.

"ఇప్పుడు పెట్టనా వదినా?"

"పెట్టు. అన్నిటికీ పెట్టు. నెలన్నర బాకీ."

మరదలు నొక్కింది. లాండ్రీ అక్క ఫోన్‌లో సైకిల్ ఫోటో కింద మూడో గుర్తు పడింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు అంత తేలిగ్గా ఎక్కడికి పోతుంది? ఆమె బొటనవేలు తనంతట తనే లేచి, పైన మూలకి బయల్దేరింది.

మరదలు చెయ్యి చాచి ఆ వేలు పట్టుకుంది. మాట మాత్రం ఒక్కటీ అనలేదు.